కాబట్టి గారి పెళ్ళి రాయబారం

ఎదుటి మనిషి నోటి చివరిదాకా వచ్చేసిన "సరే"ని నా తెలివితేటలతో వెనక్కి తరిమి, దాని బదులు "ఇవ్వను" అనే మాటను చెయ్యి పట్టుకుని బయటికి లాగిన ఘనుణ్ణి నేను. అదీ ఏ సైకిలు అద్దెకడిగిన సందర్భంలోనో కాదు, నా ప్రాణస్నేహితుడి పెళ్ళి విషయంలో. ఆ ఘోరం ఎలా జరిగిందో దాచుకోకుండా చెబుతాను. మీరు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆ స్నేహితుడి పిల్లలే నా మొహం మీద నవ్వుతుంటే మీకేం తక్కువ?

తొంభైల చివర్లో మాట ఇది. నేను బందరులో డిగ్రీ చదువుతున్నాను. మచిలీపట్నం అనేది కవర్ల మీద రాసుకునే పేరు, మాకు అది బందరే. మా తాతగారు బడిపంతులు, నాన్నగారు గుమాస్తా. మా ఇంట్లో ఎవరైనా గొంతు పెంచి మాట్లాడితే పక్కింటివాళ్ళు ఏదో జరిగిందని పరామర్శకి వచ్చేవారు. అంత నెమ్మదైన ఇంట్లో నాకు తర్కశాస్త్రం పట్టుకుంది.

తప్పు శాస్త్రానిది కాదు, మా లెక్చరర్ గారిదీ కాదు. ఆయన చాలా చక్కగా చెప్పేవారు. మనుషులు వాదించుకునేటప్పుడు చెప్పే మాటలు ముఖ్యంగా మూడు రకాలట. "ఇది ఇలా ఉంది" అనేది ఒక రకం, అది నిజమో కాదో వెళ్ళి చూసుకోవచ్చు. "ఇది మంచిది, అది చెడ్డది" అనేది రెండో రకం, దేన్నిబట్టి మంచి అంటున్నామో ముందు ఒప్పుకోవాలి. "కాబట్టి ఇలా చెయ్యాలి" అనేది మూడోది, మొదటి రెండూ గట్టిగా ఉంటేనే ఇది నిలబడుతుంది. ఇంత మంచి పాఠంలో నాకు బాగా నచ్చింది ఆ "కాబట్టి" అన్న మాట ఒక్కటే.

ఆ తర్వాత పాఠం హేత్వాభాసాలు. అంటే చూడ్డానికి కారణంలా కనిపిస్తూ నిజానికి కారణం కాని మాటలు. అవి ఎన్ని రకాలో, ఒక్కోదాని పేరేమిటో నేర్చుకున్న రోజు నుంచి నాకు మనుషులు కనిపించడం మానేశారు. వాళ్ళ మాటల్లో దోషాలే కనిపించేవి.

"పక్కింటి అబ్బాయి బ్యాంకు పరీక్ష రాస్తున్నాడుట, నువ్వూ రాయరా" అనేది అమ్మ.

"అందరూ చేస్తున్నారు కాబట్టి మంచిదనడం గుంపు వాదం అమ్మా."

"రాత్రి పెరుగన్నం తిన్నావు, పొద్దున్నకి జలుబు చేసింది, చూశావా?" అనేవారు నాన్నగారు.

"ముందు జరిగింది కాబట్టి అదే కారణమని చెప్పలేం నాన్నా. పెరుగన్నం తినకుండా కూడా జలుబు చేస్తుంది."

"అలాగా. అయితే తుమ్ముకో" అని ఆయన పేపరు తిరగేసుకునేవారు.

వీధిలో నాకు "కాబట్టి" అని పేరు పడిపోయింది. కొంతమంది మర్యాదస్తులు "కాబట్టి గారు" అనేవారు. నేను దాన్ని బిరుదు కిందే జమ కట్టుకున్నాను. దానికి తోడు గుడివాడలో కాలేజీల మధ్య జరిగిన చర్చా పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. మూతున్న పెద్ద స్టీలు డబ్బా. మూత మీద నా పేరు చెక్కించి ఇచ్చారు. బస్సులో బందరు దాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పేరు నలుగురికీ కనిపించే వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఈ కథలో ఆ డబ్బా నాకంటే బాగా మాట్లాడింది, కాస్త గుర్తు పెట్టుకోండి.

ఇక గంగరాజు. ఇంటర్లో నా పక్కన కూర్చునేవాడు. వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. వాడి చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళమ్మ బజార్లో చేపలమ్మి వాణ్ణి పెంచింది. వాడు చదువు మధ్యలో ఆపి, పడవల డీజిలు ఇంజన్లు బాగుచేసే పని నేర్చుకున్నాడు. మంచి పనివాడని రేవులో పేరొచ్చింది.

కృత్తివెన్ను దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నాంచారయ్య గారని పెద్దమనిషి ఉండేవారు. రెండు పడవలున్న ఆసామి. ఇంజను మొరాయిస్తే గంగరాజుకి కబురు పెట్టేవారు. ఆయనకి నాగమణి అని ఒక కూతురు. ఒక ఏడాది ఆ ఇంజను మరీ తరచుగా మొరాయించింది. బాగున్న ఇంజనుని కూడా గంగరాజు వెళ్ళి పలకరించి వస్తున్నాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక సాయంత్రం వాడు మా ఇంటికొచ్చి, చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పాడు.

"భీమవరం వైపు నుంచి రొయ్యల చెరువులవాళ్ళ సంబంధం ఒకటి వస్తోందట్రా. ఈలోపు మనం అడక్కపోతే అయిపోయినట్టే. ఆ పిల్ల కూడా నాకోసమే చూస్తోంది."

"మీ అమ్మగారిని పంపు."

"అమ్మ వెళ్ళనంటోంది. భర్త పోయినదాన్ని, శుభమా అని మొదటి మాట నా నోటి వెంట వద్దంటోంది. పెద్దవాళ్ళు వేరే ఎవరున్నారు నాకు? నేను వెళ్తే నాకు నోరు పెగలదు. నువ్వు గుడివాడలో అంతమంది మీద గెలిచావు. నాంచారయ్య మావయ్య ఒక్కడి మీద గెలవలేవా?"

పోటీలో నెగ్గడానికీ పిల్లనడగడానికీ సంబంధం లేదు. ఆ రెంటినీ ఒకటిగా చూడటం తప్పుడు పోలిక. నా జీవితంలో కనిపెట్టి తీరవలసిన దోషం ఒక్కటుంటే అది అదే. కానీ అది నన్ను పొగుడుతూ వచ్చింది, నేను దాన్ని నవ్వుతూ లోపలికి రానిచ్చాను.

వేట లేక పడవలు ఒడ్డు మీదున్న రోజులు చూసుకుని బయల్దేరాం. ఉత్త చేతులతో వెళ్ళకూడదని వాళ్ళమ్మ బందరు లడ్డూలు తెప్పించింది. అట్టపెట్టెలో తీసుకెళ్తే ఏం గౌరవమని నేను నా బహుమతి డబ్బాలో సర్దించాను. ఎదుటివాళ్ళు మూత తీసేటప్పుడైనా నా పేరు చదువుతారని నా ఆశ.

పెడన దాటగానే బస్సులో గంగరాజుకి శిక్షణ మొదలుపెట్టాను.

"ఆయన్ని మావయ్యా అని పిలవకు."

"ఎందుకురా? ఎప్పుడూ అట్టాగే పిలుస్తాను. ఊళ్ళో అందరూ అంతే పిలుస్తారు."

"ఆయన నీకు మావగారవుతారా లేదా అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం. తేల్చాల్సినదాన్ని ముందే ఒప్పేసుకుని మాట్లాడటం దోషం. ఆయన దాన్ని పట్టుకుంటే మన వాదన మొదట్లోనే పోతుంది."

గంగరాజు కిటికీలోంచి బంటుమిల్లి పొలాల వైపు చూస్తూ, "అయితే ఏమని పిలవను?" అన్నాడు.

"నాంచారయ్య గారూ అను."

నాంచారయ్య గారు అరుగు మీద వల ముందేసుకుని చిరుగులు కుడుతున్నారు. మమ్మల్ని చూడగానే మొహం విప్పారింది. "రావయ్యా గంగరాజూ, రండి బాబూ" అని లేచారు.

"బాగున్నారా నాంచారయ్య గారూ?" అన్నాడు గంగరాజు, నేను నేర్పిన పాఠం తప్పకుండా.

ఆయన మొహం కొంచెం ముడుచుకుంది. "ఏంటయ్యా, మొన్నటిదాకా మావయ్యా అనేవాడివి. ఇవాళ గారొచ్చింది. నామీద ఏవన్నా కోపమా?"

గంగరాజు నావైపు చూశాడు. నేను మొదటి అడ్డంకి దాటామన్నట్టు తలూపాను. ఆయన భార్య వీరమ్మ గారు మజ్జిగ తెచ్చిచ్చి, డబ్బా అందుకుని, మూత మీద పేరు చదవకుండానే లోపల పెట్టేశారు. తలుపు వెనక గాజుల చప్పుడు వినిపించింది. తమ వాకిళ్ళు చక్కబెట్టుకుంటున్నట్టు నటిస్తూ ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు దడి పక్కన చేరారు. శ్రోతలు దొరికారు కదా అని నాకు ఇంకా హుషారొచ్చింది.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "నేను మూడు మాటలు మనవి చేస్తానండీ. మొదటిది ఉన్న సంగతి. మా గంగరాజుకి చేతినిండా పనుంది, సంపాదన ఉంది."

"నాకు తెలవదా బాబూ? నా ఇంజను బాగుచేసేది ఆడేగా."

"రెండోది మంచిచెడ్డల సంగతి. అబ్బాయి చాలా మంచివాడు."

"మంచోడే. ఎవురు కాదన్నారు?"

ఇంత తొందరగా ఒప్పుకుంటే నాకేం బాగాలేదు. రాత్రి కూర్చుని ఆలోచించిపెట్టుకున్న ఆధారాలన్నీ వృథా అయిపోతున్నాయి. అయినా తమాయించుకుని, "కాబట్టి మూడోది, మీ అమ్మాయి నాగమణిని మా వాడికివ్వాలి" అన్నాను.

నాంచారయ్య గారు వల పక్కన పెట్టారు. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "ఆడు సముద్రం మీదికి ఎళ్ళడు. ఎళ్ళనోడికి మా ఇంట్లో పిల్లనిచ్చింది లేదు ఇప్పటిదాకా" అన్నారు.

నేను ఎదురు చూస్తున్న క్షణం వచ్చింది. "ఇదివరకు చెయ్యలేదు కాబట్టి ఇప్పుడూ చెయ్యకూడదనడం హేత్వాభాసం అండీ."

"ఏంటది బాబూ? రొయ్యలకొచ్చే కొత్త జబ్బా?"

దడి దగ్గర నవ్వులు. ఆయన ఎగతాళి చెయ్యలేదు, నిజంగానే అడిగారు. ఆ రోజుల్లో చెరువుల్లో రొయ్యలు ఏదో రోగమొచ్చి పోతుండేవి, ప్రతి ఏడాదీ కొత్త పేరొకటి వినపడేది. నేను ఓపిగ్గా వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"అది సరే గానీ, ఇవాళ బందరంటాడు. పని బావుందని రేపు కాకినాడంటాడు. ఎల్లుండి విశాఖపట్నం. ఇంక నా పిల్లని చూసుకోవాలంటే నేను రైళ్ళెక్కి తిరగాల."

"ఇది జారుడుబల్ల వాదం అండీ. ఒక్క అడుగు వేస్తే ఇక అట్టడుగు దాకా జారిపోతారని భయపెట్టడం."

"మా పిల్ల ఏ జారుడుబల్లా ఎక్కలేదులే బాబూ, వంటింట్లోనే ఉంది" అన్నారు వీరమ్మ గారు గుమ్మంలోంచి. మళ్ళీ నవ్వులు. గంగరాజు కూడా నవ్వేశాడు. నేను మాత్రం నవ్వలేదు. చర్చలో నవ్వితే పట్టు జారిపోతుందని గుడివాడలో నేర్చుకున్నాను.

నాంచారయ్య గారు నవ్వాపుకుని గంగరాజు వైపు చూశారు. గొంతు మారింది. "వీళ్ళ నాన్న మొండోడు. ఆ రోజు గాలి బాలేదు, ఎళ్ళొద్దన్నా వినలేదు."

"క్షమించాలి. తండ్రి గుణం చూపించి కొడుకుని తక్కువ చెయ్యడం కూడా..."

"తక్కువ చెయ్యట్లేదయ్యా" అన్నారాయన. నా మాట అక్కడే ఆగింది. "ఆ రోజు ఒడ్డున నేనున్నాను. చెయ్యి పట్టుకుని ఆపితే ఆగేవాడేమో. ఆపలేదు. ఆడి కొడుకు సముద్రం మీదికి ఎళ్ళకపోవడమే మంచిదైందేమోలే."

గంగరాజు తల వంచుకున్నాడు. ఆ ఇంట్లో ఒక తండ్రి తన మనసులోని బరువంతా దించి, పిల్లనివ్వడానికి తనకు తానే దారి చేసుకుంటున్నాడు. చెవులున్న ఎవరికైనా వినపడుతుంది. నాకు మాత్రం వేరేది వినపడింది.

"చూశారా!" అన్నాను నేను. "సముద్రం మీదికి వెళ్ళడని ముందు తప్పు పట్టారు. ఇప్పుడు వెళ్ళకపోవడమే మంచిదంటున్నారు. ఈ రెండు మాటలకీ పొంతన లేదు."

గంగరాజు వెనక నుంచి నా చొక్కా లాగాడు. నాంచారయ్య గారు నావైపు కాసేపు చూసి, పోనీలే అనుకున్నట్టు చిన్నగా నవ్వి, భార్య వైపు చూశారు. ఆవిడ కళ్ళతోనే ఏదో చెప్పారు.

"చూద్దాంలే బాబూ" అన్నారాయన.

వీరమ్మ గారు వెంటనే లోపలికెళ్ళారు. బియ్యం కొలుస్తున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ ఒకసారి బయటికి తొంగిచూసి, "బాబు మా చేపలు తినరేమో. ముద్దపప్పు వేస్తాను, భోంచేసి ఎల్దురుగాని" అన్నారు.

ఇక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు. చొక్కా దులుపుకుని, చేతులు కడుక్కుని, ముద్దపప్పు నెయ్యితో తినేసి ఇంటికొచ్చి ఉండేవాణ్ణి. కానీ తర్కం చదివినవాడు ముద్దపప్పుకి లొంగుతాడా?

"'చూద్దాం' అంటే ఏమిటండీ?" అన్నాను.

"చూద్దాం అంటే, చూద్దామనే."

"అది జవాబు కాదండీ. అడిగిన దానికి జవాబు అవుననైనా ఉండాలి, కాదనైనా ఉండాలి. మధ్యలో మూడోది లేదు."

"ఒరేయ్, ఊరుకోరా" అన్నాడు గంగరాజు, చెవిలో కాదు, అందరికీ వినపడేటట్టే.

"నువ్వుండరా. భీమవరం వాళ్ళొస్తే వాళ్ళతోనూ చూద్దామంటారు. ఒక్క ముక్క నాకు చెప్పండి నాంచారయ్య గారూ. పిల్లనిస్తారా, ఇవ్వరా?"

ఆయన చాలా మెల్లగా అన్నారు. "బాబూ, కొన్ని అట్టా అడక్కూడదు."

"అడగకూడదనడం తప్పించుకోవడం అండీ. ఇస్తారా, ఇవ్వరా? ఇప్పుడే నాకు చెప్పండి."

దడి పక్కనున్న జనం చూస్తున్నారు. ఆయన ఆ ఊళ్ళో నలుగురికీ తీర్పు చెప్పే మనిషి. మీసం మొలిచీ మొలవని కళ్ళద్దాల కుర్రాడు ఆయన్ని ఆయన అరుగు మీదే ఇరుకున పెట్టాడు. ఆయన లేచి నిలబడి, కండువా దులిపి భుజం మీదేసుకున్నారు.

"నీకు ఇప్పుడే చెప్పాలంటే, ఇవ్వను."

లోపల బియ్యం చప్పుడు ఆగిపోయింది. గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది.

నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో నిజం చెప్పేస్తాను. "అమ్మయ్య, తేలింది" అనిపించింది. తేలిందేమిటో అర్థం కావడానికి గంగరాజు మొహం చూడాల్సివచ్చింది.

అయినా వాళ్ళు మమ్మల్ని అన్నం పెట్టకుండా పంపలేదు. అదే ఇంకా పెద్ద శిక్ష. పక్కపక్కన రెండు విస్తళ్ళు వేశారు. వాడి విస్తట్లో చేపల పులుసు, నా విస్తట్లో ముద్దపప్పు. వీరమ్మ గారు మారు వడ్డించబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. పెట్టినంతా తిన్నాను. ఆ తర్వాత చాన్నాళ్ళు ముద్దపప్పు చూస్తే నాకు సిగ్గేసేది.

తిరుగు బస్సులో గంగరాజు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, దానికి బదులు చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. బందరు దగ్గరకొచ్చాక మాత్రం, "నువ్వన్నదాంట్లో ఒక్కటీ తప్పు లేదురా" అన్నాడు. వాడు ఎత్తిపొడవలేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. నా చదువు మీద నాకు మొదటిసారి అసహ్యమేసింది అప్పుడే.

నిజంగానే ఒక్కటీ తప్పు లేదు. ఆచారం కారణం కాదు, నిజమే. రేపు జరగబోయేవన్నీ వరసగా ఊహించుకోవడం సాక్ష్యం కాదు, అదీ నిజమే. కానీ ఆ కాకినాడ, విశాఖపట్నం మాటల వెనక కూతురు దూరమైపోతుందన్న భయం ఉంది. వాళ్ళ నాన్న మొండోడన్న మాట వెనక ఒడ్డున నిలబడి చూసిన మనిషి దుఃఖం ఉంది. వాదన తప్పుగా ఉన్నంత మాత్రాన దాని లోపలున్న బాధ అబద్ధం కాదు. ఎదుటివాడి మాటలో లోపం దొరకగానే ఇక ఆ మాట వినక్కర్లేదని నేను అనుకునేవాణ్ణి. లోపం దొరికినచోటే ఇంకొంచెం ఆగి వినాలని ఎవరూ చెప్పలేదా అంటే, మా లెక్చరర్ గారు చెప్పే ఉంటారు. నేను ఆ రోజు కూడా ఎవరి మాటలోనో దోషం వెతుక్కుంటూ ఉండి ఉంటాను.

అన్నిటికంటే పెద్ద తమాషా ఏమిటంటే, ఆ అరుగు మీద అసలైన హేత్వాభాసం చేసింది నేనొక్కణ్ణే. మూడో దారి కళ్ళెదుట ఉండగా రెండే దారులున్నాయని ఎదుటివాణ్ణి ఇరికించడం. దానికీ ఒక పేరుంది, పరీక్షలో ఉదాహరణలతో సహా రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

గంగరాజు వాళ్ళమ్మ జరిగిందంతా చెప్పించుకుంది. నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడ తిట్టే తిట్ల కోసం తల వంచుకుని కూర్చున్నాను.

"చూద్దాం అన్నాడా?" అంది ఆవిడ.

"అన్నారు పిన్నిగారూ. అందుకే గట్టిగా..."

"చూద్దామన్నాక ఇంకేం అడిగావు నాయనా! ఆడపిల్ల తండ్రి అడగ్గానే ఇస్తానంటాడా? పిల్ల బరువైపోయిందనుకోరూ నలుగురూ? ఇష్టం లేకపోతే 'కబురు చేస్తాం' అంటారు. ఇష్టమైతేనే 'చూద్దాం' అంటారు. ఆవిడ ఎసరు పెట్టింది కూడానా?"

"పెట్టారు."

"మరి ఇంకేం కావాలి నీకు, రాతకోతలా?" అని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "లడ్డూల డబ్బా తిరిగిచ్చారా?"

నేనూ గంగరాజూ మొహాలు చూసుకున్నాం. ఆ గొడవలో డబ్బా సంగతి ఎవరికీ గుర్తులేదు.

"ఇవ్వలేదు."

ఆవిడ మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. "సంబంధం వద్దనుకున్నవాళ్ళు తీపి ఉంచుకోరు. డబ్బా గుమ్మం దాటి రాలేదంటే మాట ఇంకా లోపలే ఉంది."

మర్నాడు పొద్దున్నే ఆవిడ బజారుకి వెళ్ళకుండా బస్సెక్కింది. శుభమా అని మొదటి మాట తన నోట రాకూడదన్న పట్టింపు ఆవిడ వదులుకోలేదు. పెళ్ళి మాటే ఎత్తలేదు. నాంచారయ్య గారి గుమ్మంలో నిలబడి, "మా వాడి స్నేహితుడి డబ్బా ఇక్కడ ఉండిపోయిందటన్నయ్యా, తీసుకెళ్దామని వచ్చాను" అందట.

ఆ తర్వాత జరిగింది ఆవిడే చెప్పింది, చెప్పినప్పుడల్లా మధ్యలో నవ్వాపుకోలేక ఆగుతూ.

నాంచారయ్య గారు ఇబ్బందిలో పడ్డారట. అందరి ముందూ ఇవ్వనన్న మాట. వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది, తీసుకోకపోతే పిల్ల ఏడుస్తోంది. డబ్బా లోపలి నుంచి తీసుకురమ్మని కేకేస్తే నాగమణి తేలేదట. వీరమ్మ గారూ తేలేదట. చివరికి ఆయన తల ఎత్తి అన్నారట.

"మీవాడికి నేను ఇవ్వననలేదమ్మా. మీవాడు నన్నడిగిందెక్కడ? నోరే ఇప్పలేదు. అడిగింది ఆ కళ్ళద్దాల బాబు. పిల్లనిస్తారా ఇవ్వరా, నాకు చెప్పండి, నాకు చెప్పండని పీకమీద కూర్చున్నాడు. నీకు చెప్పాలంటే ఇవ్వనని చెప్పాను. ఆయనకే ఇవ్వను. ఇప్పటికీ అదే మాట మీదున్నాను."

దడి పక్కనుంచి ఆ రోజు విన్నవాళ్ళని పిలిచి అడిగితే వాళ్ళూ సరిగ్గా అదే గుర్తు చేసుకున్నారట. "నీకు" అన్నారు, నిజమే. మాట తప్పింది లేదు, పరువు పోయింది లేదు. ఆ రోజు ఆ అరుగు మీద తిరగ్గొట్టింది ఒకే ఒక్క సంబంధాన్ని, అది నాది.

అలా నా కోసం నేను అడగని పిల్లని, నేను అనుకోని పిల్లని, నాకివ్వనని నలుగురి ఎదుటా చెప్పించుకున్న మగవాణ్ణి కృష్ణా జిల్లాలో బహుశా నేనొక్కణ్ణే. ఎంత వెతికినా ఆయన తర్కంలో నాకు దోషం దొరకలేదు. దొరికినా చెప్పేవాణ్ణి కాదు, అప్పటికి అంత బుద్ధి వచ్చింది.

పెళ్ళి ఆ ఊళ్ళోనే జరిగింది. నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టారు. తలంబ్రాలయ్యాక నాగమణి నా దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా, "మా నాన్న మీకు ఇవ్వనన్నారటగా అన్నయ్యగారూ. ఏమనుకోకండేం" అంది. నాంచారయ్య గారు వెనకే నిలబడి మీసం దువ్వుకున్నారు. భోజనాల దగ్గర వీరమ్మ గారు స్వయంగా వచ్చి నాకు ముద్దపప్పు వడ్డించారు. ఈసారి రుచి తెలిసింది.

నా బహుమతి డబ్బా మాత్రం ఇంతవరకు తిరిగి రాలేదు. నాగమణితోపాటు అదీ కాపురానికొచ్చింది, గంగరాజు ఇప్పటికీ అందులోనే అన్నం తీసుకుని పనికెళ్తాడు. మూత మీద నా పేరు అరిగిపోయి మొదటి అక్షరమే మిగిలింది. ఎప్పుడైనా అడిగితే నాగమణి, "చూద్దాం అన్నయ్యగారూ" అంటుంది. ఆ మాటకి అర్థమేమిటని నేనడగను.

తర్వాత కొన్నేళ్ళకి నాకూ సంబంధం చూశారు. కాబోయే మావగారు మా అందరి ఎదుటా గొంతు సవరించుకుని, "చూద్దాం" అన్నారు. మా నాన్నగారు భయం భయంగా నావైపు చూశారు. నేను చేతులు కట్టుకుని, "అలాగేనండీ" అని, పెట్టిన ఉప్మా మొత్తం తిన్నాను. నాన్నగారు నా భుజం తట్టిన సందర్భాలు తక్కువ, వాటిలో అదొకటి.

ఈ పెద్ద ఘోరం నుంచి నేర్చుకున్న పాఠాన్ని మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞగా చెబుతున్నాను. ఇకమీదట నా ఎదుట ఎవరు "చూద్దాం" అన్నా నేను కూడా వాళ్ళతోపాటు కూర్చుని చూస్తాను. అన్నం పెడితే తింటాను. పొరపాటున కూడా "ఇస్తారా, ఇవ్వరా" అనను, స్నేహితుల కోసం అసలే అనను. ఆ పాపిష్టి మాట ఒకటుంది చూశారూ, నా పేరుగా మారి నన్ను ఇంత దూరం తెచ్చిన మాట, దాన్ని ఈ జన్మలో మళ్ళీ నోట పలకను. ఈ ప్రతిజ్ఞ నేను తప్పనని మీరు నిశ్చింతగా నమ్మవచ్చు. ఎందుకంటే ఒకసారి దెబ్బతిన్నవాడు జాగ్రత్తగా ఉంటాడు, నేను ఒకసారి దెబ్బతిన్నాను, కాబట్టి...